పుటప్, పెట్టు, పడు

ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన వారెవరికీ ‘పుటప్’ అన్న మాటను పరిచయం చేయనవసరం లేదు. గుమాస్తా ఫైలు పుటప్ చేస్తాడు. సూపరింటెండెంటు దానికి రెండు వాక్యాలు చేర్చి పైకి పంపుతాడు. అధికారి ‘మాట్లాడండి’ అని రాసి కిందికి దించుతాడు. మరునాడు మళ్ళీ పుటప్ చేయవలసిందే. హైదరాబాదు, విజయవాడ, కోల్‌కతా, ఊరు ఏదైనా ఫైలు నడక ఇదే, దానికి వాడే మాటా ఇదే. అయితే ఈ క్రియ ఇంగ్లీషువారి ఇళ్ళలో మరెన్నో పనులు చేస్తుంది. గోడకు పటం తగిలిస్తే పుట్ అప్. చుట్టానికి ఒక రాత్రి పక్క వేసి ఆశ్రయమిస్తే పుట్ అప్. దుకాణదారు ధర పెంచితే, వీధిలో పందిరి వేస్తే, ఇల్లు అమ్మకానికి పెడితే, ఓడిపోతామని తెలిసీ ఎదురు నిలిస్తే కూడా అదే క్రియ. చివర ‘విత్’ అనే మరో చిన్న మాట తగిలిస్తే ఓర్చుకోవడం అవుతుంది. ‘పుట్’ అంటే పెట్టడమనీ, ‘అప్’ అంటే పైకి అనీ నేర్చిన విద్యార్థి ఈ అర్థాలలో సగమైనా ఊహించలేడు.

ఇటువంటి వాటిని ఇంగ్లీషు వ్యాకర్తలు ఫ్రేజల్ వెర్బులన్నారు. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వెలువరించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ గ్రంథంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ. పేరు కొత్తదే గాని చిక్కు పాతది. 1755లో తన నిఘంటువుకు పీఠిక రాస్తూ శామ్యూల్ జాన్సన్ ఈ క్రియలను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. క్రియ వెనుక చిన్న అవ్యయం చేర్చి అర్థాన్ని మార్చివేసే ఈ పద్ధతి తమ భాషలో మిక్కుటమనీ, పరదేశీయులకు అత్యంత క్లేశం కలిగించేది ఇదేననీ ఆయన గుర్తించాడు. బెంగాలు పాఠశాలల్లో వీటికి ‘గ్రూప్ వెర్బు’లని మరో పేరు. అక్కడి ఇళ్ళలో తరతరాలుగా చేతులు మారిన పి.కె. దే సర్కార్ వ్యాకరణాన్ని తిరగవేసిన వారికి ఆ పేరు వినగానే పరీక్షల కాలం జ్ఞాపకం వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతం నుంచి 1986లో బదిలీపై కలకత్తా చేరిన ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగికి జాన్సన్ చెప్పిన ఆ క్లేశం తొలి వారంలోనే ఎదురైంది. ఆయనకు ఇంగ్లీషు రాదనడానికి వీలులేదు. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు. ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’, ‘ఇన్వెస్టిగేట్’ వంటి మాటలు ఆయన కలంలో తడుముకోకుండా దొర్లేవి. ఆయన రాసిన నోటులో పై అధికారి కామా కూడా మార్చేవాడు కాదు. అటువంటి వానిని పక్క బల్ల దగ్గరి బెంగాలీ సహోద్యోగి మొదటి పలకరింపుగా ‘వేర్ ఆర్ యూ పుటింగ్ అప్?’ అని అడిగాడు. ఎక్కడ దిగారు, బస ఎక్కడ అని దాని తాత్పర్యం. ఆయన ఒక్క క్షణం ఆగి, అడిగినవాని ముఖంలోని ఆదరాన్ని బట్టి అర్థం గ్రహించి, లేక్ మార్కెట్ దగ్గర ఒక తమిళుల ఇంటి పై గదిలో అని చెప్పాడు. నిమిషం గడవకముందే ఆ సహోద్యోగి ఒక ఫైలు చూపి, సాయంత్రానికి దీనిని పుటప్ చేయండి అన్నాడు. శరత్కాలం వచ్చి దుర్గాపూజకు వీధి వీధినా పందిళ్ళు లేచాయి. అదీ పుట్ అప్. జ్యేష్ఠమాసపు ఉక్కను గురించి విసుక్కుంటే ‘పుట్ అప్ విత్’ అని సలహా చెప్పారు. సంవత్సరం తిరిగేసరికి ఆ ఒక్క క్రియ పట్టుకుని ఆయన నగరంలో చాలా దూరం నడిచాడు.

ఆయన కార్యాలయం ఉన్నది బినయ్-బాదల్-దినేశ్ బాగ్ ప్రాంతంలో. పాతవారు దానిని డల్హౌసీ స్క్వేర్ అనడం ఇప్పటికీ మానలేదు. ఉత్తరపు దిక్కున ఎర్రగా కనిపించే రైటర్స్ బిల్డింగ్ కట్టడం 1777లో మొదలైంది. ‘రైటర్లు’ అంటే ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు. 2013లో రాష్ట్ర సచివాలయం హౌరా వైపున్న నబన్నకు తరలిపోయేవరకు బెంగాలు ప్రభుత్వపు ఫైళ్ళు పుటప్ అయినది ఇక్కడే. 1800లో ఫోర్ట్ విలియం కళాశాల ఏర్పడిన తరువాత కొంతకాలం అది కూడా ఈ భవనంలోనే నడిచింది. అప్పుడు ఇక్కడ బల్లల ముందు కూర్చుని క్రియలు వల్లె వేసినవారు ఇంగ్లీషు కుర్రవాళ్ళు. వారు వల్లించినవి మన క్రియలు. ఆ కళాశాల తొలి ప్రొవోస్టు డేవిడ్ బ్రౌన్. ఆయన కుమారుడే 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగువారికి కడప బ్రౌనుగానే తెలిసిన ఆయన జన్మస్థలం హుగ్లీ తీరమని చాలామంది మరచిపోతారు. ఆ కళాశాలలోనే బోధించిన విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో దగ్గరలోని శ్రీరాంపూరులో అచ్చయింది.

1850ల తొలినాళ్ళలో మద్రాసులో వెలువడిన బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పేరులోనే ఒక విశేషం ఉన్నది. ఇంగ్లీషు నుడికారాలను, పదబంధాలను తెలుగులో వివరించేది అని ఆయన ముఖపత్రం మీదనే చెప్పుకున్నాడు. ఒంటరి మాటకు ఒంటరి మాట ఇస్తే చాలదని ఆయనకు తెలుసు. నూట డెబ్బయి ఏళ్ళు దాటినా మన బడులలో ఇంగ్లీషు చెప్పే తీరు ఆ ఒక్క విషయంలో బ్రౌనును అందుకోలేదనడం అతిశయోక్తి కాదు.

సోంపేట నుంచి వచ్చిన ఆ ఉద్యోగికి పెద్ద మాటలు సులభంగాను, చిన్న మాటలు కష్టంగాను ఎందుకున్నాయి? కారణం వెతకడానికి ఇంగ్లండు దాకా పోనవసరం లేదు. సంస్కృతంలో ‘హృ’ ధాతువుకు ముందు ఉపసర్గ చేరితే ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం ఏర్పడతాయని మన పండితులు చిన్ననాటనే చెప్పేవారు. లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటల తీరు కూడా ఇదే. పెట్టడమనే అర్థమిచ్చే మూలానికి ముందు ఒక్కొక్క ఉపసర్గ తగిలించగా ప్రపోజ్, ఇంపోజ్, ఎక్స్‌పోజ్, కంపోజ్ వచ్చాయి. పోస్ట్‌పోన్ అంటే తరువాతకు పెట్టడం. ‘పుట్ ఆఫ్’ అన్నా పక్కకు జరిపి పెట్టడమే. ఊహ దాదాపు ఒక్కటే, దుస్తులు వేరు. తత్సమాలకు అలవాటుపడిన తెలుగు విద్యార్థికి లాటిన్ మాట బంధువులా కనిపిస్తుంది. ఉపసర్గ ముందుండి, అతుకు కనిపించకుండా, ఒక్క మాటగా ఉంటుంది కదా! ఇంగ్లీషులోని దేశ్య భాగం అలా కాదు. అక్కడ క్రియ ఒకచోట, దాని తోక మరొకచోట. నడుమ కర్మ వచ్చి కూర్చున్నా కూర్చుంటుంది. మన బడులు నేర్పినది తత్సమ ఇంగ్లీషు. ఇంట్లో, బస్సులో, టెలిఫోనులో నడిచేది దేశ్య ఇంగ్లీషు. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎవరూ కొలిచి చెప్పలేదు.

ఆ దేశ్య పద్ధతి మనకు కొత్తదా అంటే, కాదు. ఒక విదేశీయుడు తెలుగు నేర్చుకుంటున్నాడనుకుందాం. ‘వేయు’ అంటే పడేట్లు విసరడమని అతనికి నిఘంటువు చెబుతుంది. తీరా ఇంటికి వస్తే ఇల్లాలు దీపం వెలిగించమనడానికి లైటు వెయ్యమంటుంది. తలుపు మూయమనడానికి తలుపు వెయ్యమంటుంది. చొక్కా వేసుకుంటారు, ముగ్గు వేస్తారు, ఓటు వేస్తారు, ప్రశ్న వేస్తారు, కోర్టులో వాయిదా వేస్తారు. ఆకలి తనంతట తానే వేస్తుంది. ఇక ‘తీయు’ సంగతి. లైటు తీసేస్తే చీకటి, తలుపు తీస్తే వెలుగు. దొంగ పరుగు తీస్తాడు, నిర్మాత సినిమా తీస్తాడు, యముడు ప్రాణం తీస్తాడు. పాపం, ఆ విదేశీయుడు జాన్సన్ పీఠికలోని మాటలనే మన మీద తిప్పి అప్పజెప్పగలడు. ‘పడు’ మరీ చిత్రమైనది. పడడం అంటే కింద పడడమే అయినప్పుడు నిలబడడం ఎలా సాధ్యం? నిలువు అన్నదానికి ‘పడు’ చేరితేనే తెలుగువాడు తన కాళ్ళ మీద నిలుచున్నాడు. కష్టపడి, స్థిరపడి, ఆపదల నుంచి బయటపడి, పెద్దలకు లోబడి బతుకుతున్నాడు.

ఆయనకు బెంగాలీ పట్టుబడుతున్నకొద్దీ ఇంకో సంగతి తెలిసివచ్చింది. తెలుగువాడు పడి నిలబడితే, బెంగాలీవాడు పడి లేస్తాడు. పొద్దున్నే పిల్లలను లేపేటప్పుడు ‘ఉఠే పొడో’ అంటారు. లేచి పడు అని దానికి మాటకు మాట. దీనిని యథాతథంగా తెలుగు చేయబోయి ‘లేచిపో’ అంటే కొంప మునుగుతుంది. మనకు లేచిపోవడం వేరే వ్యవహారం. నిద్ర విషయంలో బెంగాలీ వారిది ‘ఘుమియే పొడా’, నిద్రించి పడడం. ఇంగ్లీషువారూ నిద్రలోకి పడతారు. మనం మాత్రం నిద్ర పోతాం. టెలిఫోను సంభాషణ ముగిస్తే ఇంగ్లీషువాడు ‘హ్యాంగ్ అప్’ చేస్తాడు, గోడకు తగిలించే పాతకాలపు పరికరం జ్ఞాపకంగా. బెంగాలీవారు ‘రాఖ్‌ఛి’ అంటారు, మనం ‘పెట్టేస్తున్నా’ అంటాం. రెండూ కింద పెట్టడమే. ఇక బస్సు. వెనుక ఖాళీ ఉన్నదని కండక్టరు అరిచే ‘పేఛనేర్ దికే ఏగియే జాన్’ అన్న కేక నగరంలో పెద్ద హాస్యం. వెనక్కి ముందుకు సాగండి అని దాని అర్థం! కలకత్తా జనం దానికి నవ్వుతూనే వెనక్కి ముందుకు సాగుతారు.

అన్నిటికంటె ఆయనను ఆశ్చర్యపరచినది ‘దేఖే నేబో’. చూసి తీసుకుంటాను అని పదార్థం. పని అప్పగించినప్పుడు అంటే, నేను చూసుకుంటాను అని భరోసా. అదే మాట పళ్ళు బిగించి అంటే, నీ సంగతి చూసుకుంటాను అని బెదిరింపు. తెలుగులో కూడా ‘చూసుకుంటాను’ ఈ రెండు పనులూ చేస్తుంది, స్వరం మారితే చాలు. వేయి కిలోమీటర్లకు పైగా ఎడం ఉన్న విజయవాడ, కలకత్తా రిక్షా స్టాండులలో ఒకే క్రియ ఒకే తీరున ఆదరిస్తుంది, బెదిరిస్తుంది.

ఇది కాకతాళీయం కాదని పండితులు ఏనాడో చెప్పారు. కలకత్తా విశ్వవిద్యాలయం 1926లో ప్రచురించిన బృహద్గ్రంథంలో సునీతికుమార్ చటర్జీ బెంగాలీ వాక్యనిర్మాణానికి ద్రావిడ భాషలతో ఉన్న పోలికలను గమనించాడు. కోలిన్ మసికా 1976లో, క్రియ మీద క్రియ వచ్చే ఈ ధోరణి భాషాకుటుంబాల సరిహద్దులు దాటి ఉపఖండంలో విస్తరించిన తీరును చర్చించాడు. ఇంగ్లీషు క్రియ తన వెనుక చిన్న అవ్యయాన్ని చేర్చుకుంటే, మన క్రియ తన వెనుక మరో క్రియను చేర్చుకుంటుంది. ‘ఈట్’ అంటే తినడం, ‘ఈట్ అప్’ అంటే తినేయడం. ‘యూజ్’ అంటే వాడడం, ‘యూజ్ అప్’ అంటే వాడేయడం. ఆ ‘అప్’ చేసే పనిని మనకు ‘వేయు’ చేసిపెడుతుంది.

ఈ చివరి సంగతి అధికారులు పట్టించుకోదగినది. 1966లో ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం వచ్చిన నాటి నుంచి కార్యాలయాలలో తెలుగు రాయడానికి జరిగిన ప్రయత్నం తక్కువేమీ కాదు. కాని రాసిన తెలుగులో అధికభాగం తత్సమ నామానికి ‘చేయబడినది’ అతికించిన తెలుగు. ‘పరిశీలించబడుచున్నది’, ‘తగు చర్య గైకొనబడును’ అన్న జవాబు అందుకున్న రైతుకు పని జరిగిందో, జరుగుతున్నదో, జరగనే జరగదో తెలియదు. రాశాడు అన్నదానికీ రాసేశాడు అన్నదానికీ ఉన్న తేడాను తెలుగు పిల్లవాడు మూడేళ్ళకే ఎరుగుతాడు. ఆ తేడాను చెప్పే క్రియలే కార్యాలయం గుమ్మం దగ్గర ఆగిపోయాయి. న్యాయస్థానాల వార్తలు రాసే విలేకరులు ఈ విషయంలో మేలు. పిటిషన్ కొట్టివేశారు, స్టే ఎత్తివేశారు, తేల్చి చెప్పారు అని వారు రాస్తే పల్లెలో అరుగు మీద కూర్చున్నవానికి కూడా అర్థమవుతుంది. ‘కొట్టివేయు’ కంటె గంభీరమైన పారిభాషిక పదం కావాలని ఎవరికీ తోచినట్లు లేదు. మంచిదే. ఇక ‘పుటప్’ ఎలాగూ తెలుగు మాటే అయిపోయింది, వెనుక ‘చేయు’ తగిలించుకుని హాయిగా తిరుగుతున్నది.

ఆ ఉద్యోగి 2018లో పదవీ విరమణ చేసి, కలకత్తా కోల్‌కతా అయిన తరువాత కూడా ఆ ఊరు విడువలేదు. కింది వాటాలో ఒక బెంగాలీ కుటుంబం ఉన్నది. వారి అబ్బాయి మాధ్యమిక పరీక్షకు చదువుతున్నాడు. ఆయనను ‘జేఠూ’ అని పిలుస్తాడు, తండ్రికి అన్నగారి వరస. ఆ పరీక్షలో ఒక ప్రశ్న ఉంటుంది. గీత గీసిన మాటలకు బదులు, కింద ఇచ్చిన జాబితాలోని ఫ్రేజల్ వెర్బును సరైన రూపంలో రాయాలి. జాబితాలో ఒకటి అదనంగా ఉంటుంది. కుర్రవాడు జాబితాలు కంఠస్థం చేస్తున్నాడు. ‘గివ్ అప్’ అంటే ‘అబాండన్’, ‘పుట్ ఆఫ్’ అంటే ‘పోస్ట్‌పోన్’. ఇంగ్లీషు తల్లి ఒడిలో పిల్లలు ముందు నేర్చుకునే మాటకు, వారు పదేళ్ళ తరువాత నేర్చుకునే మాటను అర్థంగా చూపడం ఈ జాబితాల ప్రత్యేకత. ఆయన ఆ పుస్తకం పక్కన పెట్టించి, గివ్ అప్ ఎదురుగా ‘ఛేడే దేవా’ అని రాయించాడు. వదిలి ఇవ్వడం. పుట్ ఆఫ్ ఎదురుగా ‘పిఛియే దేవా’, వెనక్కి జరిపి ఇవ్వడం. సెట్ ఔట్ ఎదురుగా ‘బేరియే పొడా’. కుర్రవానికి వారం రోజులలో నలభై క్రియలు వచ్చాయి. మరచిపోయినవి కూడా ఉన్నాయి; అన్నీ ఇలా పొందికగా కుదరవు. ‘టేక్ ఆఫ్టర్’ అంటే తల్లిదండ్రుల పోలిక రావడమన్నది ఏ భాష సాయంతోనూ లొంగలేదు.

ఆ పాఠాలు జరిగే వేళ కుర్రవాని తండ్రి గుమ్మం దగ్గర నిలబడి వినేవాడు. అతడు 1980ల మధ్యలో బడిలో చేరినవాడు. ఆ దశాబ్దపు ఆరంభంలోనే రాష్ట్ర ప్రభుత్వం, మాతృభాషలోనే చదువు చక్కగా సాగుతుందన్న ఉద్దేశంతో, ప్రాథమిక పాఠశాలలనుంచి ఇంగ్లీషును తొలగించింది. అతనికి ఇంగ్లీషు అక్షరాలు ఆరవ తరగతిలో పరిచయమయ్యాయి. 2004లో మళ్ళీ ఒకటవ తరగతి నుంచి ప్రవేశపెట్టేనాటికి అతని చదువు అయిపోయింది. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదం బెంగాలులో ఇప్పటికీ చల్లారలేదు. ఉద్దేశంలో దోషం కనిపించదు. ఇంటి భాషను వంతెనగా వాడుకుని ఇంగ్లీషును చక్కగా నేర్పే ఏర్పాటు దాని వెంట రాకపోవడమే లోపం. 2000ల తొలినాళ్ళలో అతడు సాల్ట్‌లేక్‌లోని ఒక సంస్థలో ఉద్యోగానికి వెళ్ళాడు. లెక్కల పరీక్ష బాగానే చేశాడు. మాటల పరీక్ష చివర ఎదుటివారు చిరునవ్వుతో ‘వి విల్ గెట్ బ్యాక్ టు యూ’ అన్నారు. గెట్, బ్యాక్, టు, యూ. నాలుగు మాటలూ అతనికి తెలుసు. వారు తిరిగి తన దగ్గరకు వస్తారని అర్థం చేసుకున్నాడు. ఉత్తరం కోసం రెండు నెలలు ఎదురుచూస్తూ, ఈలోగా వచ్చిన ఒక తాత్కాలికోద్యోగాన్ని కూడా కాదన్నాడు.

ఇది విన్నప్పుడు పై వాటా పెద్దమనిషి నవ్వలేదు. సోంపేటలో అధికారి ‘చూద్దాం లెండి’ అంటే అర్జీదారు చెప్పులు తొడుక్కుంటాడు. కోల్‌కతాలో ‘దేఖ్‌ఛి’ అన్నా అంతే. చూస్తామన్న మాటకు చూడమని అర్థమని అతనికి తన భాషలో పుట్టుకతో తెలుసు. అదే మర్యాద ఇంగ్లీషు వేషం వేసుకుని ఎదురైనప్పుడు పోల్చుకోలేకపోయాడు. ఏ జాబితాలోనూ ఆ అర్థం ఇవ్వలేదు. ‘గెట్ బ్యాక్ టు’ ఎదురుగా ‘రిప్లై’ అని మాత్రమే ఉంటుంది.

ఇప్పుడతడు గరియాహాట్ వైపు ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. కొడుకు నోటుపుస్తకంలో చేరుతున్న క్రియలను రాత్రి దుకాణం నుంచి వచ్చాక ఒకసారి తిరగవేస్తాడు. ఒకనాడు ‘పుట్ అప్ విత్’ దగ్గర ఆగి, దీనిని మీ తెలుగులో ఏమంటారు దాదా అని అడిగాడు. ఆయన కొంచెం ఆలోచించాడు. ఓర్చుకోవడం ఉన్నది, భరించడం ఉన్నది, దిగమింగడం ఉన్నది. ఒక్కొక్కటీ ఒక్కొక్క మోతాదు. చివరకు ‘సర్దుకుపోవడం’ అన్నాడు. సర్దడం, దానికి తన కోసమని చెప్పే ‘కొను’, ఆపైన ‘పోవు’. ఒకదాని వెనుక ఒకటి మూడు క్రియలు. బెంగాలీలో ‘మానియే చలా’ అంటారు కదా, అనుకూలింపజేసుకుని నడవడం. మీరు నడుస్తారు, మేము పోతాం అన్నాడు. తండ్రి కొడుకు చేతిలోని పెన్సిలు తీసుకుని, ఆ తెలుగు మాటను విన్నది విన్నట్లుగా బెంగాలీ లిపిలో పుట మార్జిన్‌లో రాసుకున్నాడు. ‘ర్దు’ దగ్గర రెండుసార్లు కొట్టివేసి మళ్ళీ రాశాడు. కుర్రవాడు మరుసటి క్రియకు వెళ్ళిపోయాడు. అది ‘గెట్ ఓవర్’.